ఊపిరితిత్తులలో రక్తస్రావం: అడ్డసరం ఆపలేని రక్తపిత్తం

దగ్గినప్పుడు కఫంలో ఎర్రని జీర కనిపిస్తే మన ఇళ్ళలో రెండే మాటలు వినిపిస్తాయి. పెద్దవారు "వేడి చేసింది" అంటారు. చదువుకున్న పిల్లలు "క్షయేమో, ఎక్స్‌రే తీయిద్దాం" అంటారు. రెండింటిలోనూ తరచు నిజం ఉంటుంది. అయితే ఈ రెండింటికీ లొంగని మూడవ వ్యాధి ఒకటి ఉన్నది. అది అరుదైనది కనుక ఎవరికీ వెంటనే స్ఫురించదు. స్ఫురించేలోగా రోగి మూత్రపిండాలు చేజారిపోతాయి. ఆ వ్యాధిని గురించి, దాని విషయంలో నేను చేసిన పొరపాటును గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

2009వ సంవత్సరం వేసవిలో ముప్పై ఎనిమిదేళ్ళ ఉపాధ్యాయురాలు ఒకరు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా వద్దకు వచ్చారు. ఏడాదిగా ముక్కు దిబ్బడ, ముక్కులో గట్టి పొక్కులు, వాటిని తీస్తే రక్తం. చెవిలో హోరు. మోకాళ్ళు, చీలమండలు మారి మారి నొప్పులు. అంతకు ముందు నాలుగు నెలలుగా దగ్గు, అప్పుడప్పుడు కఫంలో రక్తం. ఛాతీ ఎక్స్‌రేలో నీడలు కనిపించినందున ఒక వైద్యుడు క్షయ మందులు ఆరంభించారు. కఫ పరీక్షలో క్షయ క్రిములు కనిపించలేదు. రెండు నెలలు వాడినా దగ్గు తగ్గక, ఆకలి చచ్చి, విసిగిపోయి ఆమె ఆ మందులు మానివేశారు.

నేను నాడి చూశాను. పిత్తగతి స్పష్టంగా ఉన్నది. అరచేతులు, అరికాళ్ళ మంట, నోరు ఎండడం, స్వల్ప జ్వరం చెప్పారు. ముక్కునుండి, నోటినుండి రక్తం పడుతున్నది కనుక ఊర్ధ్వగ రక్తపిత్తమని నిర్ణయించాను. ఇందులో నాకు సందేహం కలుగలేదు. ఊర్ధ్వగ రక్తపిత్తం సాధ్యమని, అధోగం యాప్యమని, రెండు మార్గాలా ప్రవర్తించేది అసాధ్యమని చరక సంహిత చెబుతున్నది. సాధ్యవ్యాధి కదా అని ధైర్యం చెప్పి అడ్డసరపు ఆకుల స్వరసం తేనెతోను, ద్రాక్ష, కరక్కాయ కషాయమును, ముక్కుకు ఘృత నస్యమును ఇచ్చాను. పులుపు, కారం, నువ్వులు, ఆవకాయ మాన్పించాను.

మూడు వారాలకు కఫంలో రక్తం తగ్గింది. నేను సంతోషించాను, ఆమె కూడా సంతోషించారు. కాని ఆమె ముఖం పాలిపోతున్నది. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తున్నది. "రక్తం పోయింది కదమ్మా, పుష్టి రావడానికి కొంత వ్యవధి పడుతుంది" అని లోహభస్మం కలిపాను. ఆరవ వారంలో తమ్ముడు ఒక్కడే వచ్చి, "ఆచార్యులు గారూ, అక్కకు మూత్రం నురగలు కడుతున్నది, టీ డికాక్షను రంగులో ఉన్నది. మీకు చెప్పడానికి సిగ్గుపడుతున్నది" అన్నాడు.

ఆ మాట విన్న క్షణం నాకు ఇప్పటికీ గుర్తున్నది. నా చేతిలోని కల్వం కింద పెట్టాను.

మా గురువుగారు కోనసీమలో, గోదావరి పాయ ఒడ్డున ఉండేవారు. పదిహేనవ ఏట ఆయన ఇంట చేరి ఎనిమిదేళ్ళు సేవచేసి చదువుకున్నాను. ఆయన వద్దకు రోగి వస్తే మరునాటి తెల్లవారుజామున మూత్రం ఒక మట్టిపాత్రలో పట్టి తెమ్మనేవారు. రంగు చూసేవారు, నురగ చూసేవారు, గడ్డిపరకతో ఒక చుక్క నూనె వదిలి అది ఎటు పరుచుకుంటుందో చూసేవారు. తైలబిందు పరీక్షకు ఈనాడు ఎంత విలువ ఇవ్వాలనే చర్చ వేరు. మూత్రాన్ని చూడకుండా ఆయన ఏ రోగికీ మందు ఇవ్వలేదన్నది నిజం. పట్టణానికి వచ్చి వైద్యశాల పెట్టిన తరువాత నేను ఆ అలవాటు వదిలాను. రోగులు మొహమాటపడేవారు, నాకూ తీరిక ఉండేది కాదు.

ఆ సాయంకాలమే ల్యాబులో పరీక్ష చేయించాము. మూత్రంలో మాంసకృత్తులు, ఎర్ర రక్తకణాలు నిండుగా ఉన్నాయి. రక్తంలో క్రియాటినిన్ 4.8. నా వద్దకు వచ్చేనాటికి 11 ఉన్న హీమోగ్లోబిన్ 6.4కు దిగింది. అనగా ఆమెకు రక్తం ఊర్ధ్వమార్గాననే కాక అధోమార్గాన కూడా పోతున్నది, కంటికి కనబడనంత సూక్ష్మంగా. ఉభయమార్గగతమైన రక్తపిత్తాన్ని సాధ్యమని చెప్పి ఆరు వారాలు చికిత్స చేశాను. నేను చదివిన శ్లోకమే నన్ను హెచ్చరించి ఉండేది, మూత్రం ఒక్కసారి చూసి ఉంటే.

ఆ రాత్రికే హైదరాబాదు పంపాను. అక్కడ ఊపిరితిత్తులకు సి.టి. స్కాను తీసి, గొట్టం ద్వారా లోపలికి ఉప్పునీరు పంపి వెనక్కు తీస్తే, తీసిన ప్రతిసారీ నీరు మరింత ఎర్రగా వచ్చిందట. వాయుకోశాలలోకి రక్తం కారుతున్నదనడానికి అది గుర్తు. బయటకు పడే రక్తం తగ్గడం చూసి నేను మందు పనిచేసిందనుకున్నాను. నిజానికి అది లోపలే నిలిచిపోతున్నది. వాయుకోశాలలో రక్తస్రావమయ్యే రోగులలో మూడింట ఒక వంతు మందికి దాకా దగ్గులో రక్తమే కనిపించకపోవచ్చునని తరువాత తెలుసుకున్నాను. పాలిపోవడం, ఆయాసం మాత్రమే వారికి లక్షణాలు.

ఇది ఏమి వ్యాధి?

దీనిని రక్తనాళశోథ అనవచ్చు. అల్లోపతి వైద్యులు వాస్కులైటిస్ అంటారు. ఇది ఒకే వ్యాధి కాదు, ఒక కుటుంబం. మనలను కాపాడవలసిన తెల్లకణాలు దారితప్పి సొంత రక్తనాళాల గోడలపైననే దాడిచేస్తాయి. గోడ వాచి మూసుకుపోతే దాని అవతలి భాగం ఎండిపోతుంది, గోడ చిట్లితే రక్తం కారుతుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఊహించడం కష్టం కాదు. గుండె కుడి భాగం నుండి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం ఊపిరితిత్తులలోకి వెళుతుంది. కోట్లకొలది వాయుకోశాల చుట్టూ కేశనాళికలు వలవలె అల్లుకుని ఉంటాయి. ప్రాణవాయువు దాటవలసిన ఆ గోడ అతి పలుచన. మూత్రపిండాలలోని వడపోత గుత్తులు కూడా అటువంటి కేశనాళికల ముద్దలే.

ఆ ఉపాధ్యాయురాలికి వచ్చిన రకాన్ని ఒకప్పుడు వెగెనర్ వ్యాధి అనేవారు. జర్మనీకి చెందిన క్లింగర్ 1931లోను, వెగెనర్ 1936, 1939లలోను దీనిని వర్ణించారు. వెగెనర్ నాజీ పార్టీ సభ్యుడని బయటపడిన తరువాత 2011లో ఆ పేరు తొలగించి గ్రాన్యులొమటోసిస్ విత్ పాలియాంజైటిస్ అని మార్చారు. పలకడానికి కష్టమైన పేరు గాని మార్చడం న్యాయమే. ముక్కు, సైనసులు, చెవి, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దీని స్థానాలు. ఊపిరితిత్తులలో గడ్డలు లేచి మధ్యలో గుల్ల పడతాయి. ఎక్స్‌రేలో ఆ గుల్ల క్షయ గుల్ల వలెనే కనిపిస్తుంది. క్షయ ఇంత విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ రోగులు ముందు క్షయ మందులు మింగి రావడం అందుకే. ఆ వైద్యుణ్ణి నేను తప్పుపట్టలేను.

ఈ కుటుంబంలో ఇంకొకటి ఉబ్బసంగా వస్తుంది. చర్గ్, స్ట్రాస్ అనే ఇద్దరు 1951లో దీనిని వెల్లడించారు. చిన్నప్పుడు ఎన్నడూ పిల్లికూతలు లేనివారికి నడివయసులో ఉబ్బసం మొదలై, రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి, కొన్నాళ్ళకు ఒక పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం, చేతివేళ్ళు మొద్దుబారడం కనిపిస్తాయి. ఇసినోఫిల్స్ అనగానే మన ప్రాంతంలో బోదకాలు క్రిముల వలన వచ్చే దగ్గు అనుకుని ఆ మాత్రలే పదే పదే వాడుతుంటారు. ఉబ్బసపు రోగి పాదం జారుతున్నదని చెబితే దానిని వాతమని నూనె రాసి ఊరుకోరాదు.

మూడవదానిలో వాయుకోశ రక్తస్రావం, మూత్రపిండాల వాపు ప్రధానం. కొందరిలో ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోతాయి. వెగెనర్ రకంలో గొంతు దిగువన శ్వాసనాళం సన్నబడి, శ్వాస పీల్చినప్పుడు ఈలవంటి శబ్దం రావచ్చు. దానికి ఉబ్బసపు మందులు ఎన్ని పీల్చినా ప్రయోజనం ఉండదు. వ్యాధి ఉద్ధృతంగా ఉన్న రోజులలో కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కూడా ఉన్నది.

ఒక చేతి నాడి

పెద్ద ధమనులకు వచ్చే రకం ఒకటి ఉన్నది. మన దేశంలో యువతులలో దీనిని తరచు చూస్తారు. 1908లో జపాను దేశపు నేత్రవైద్యుడు మికితో తకయాసు ఒక యువతి కంటి నాళాలలోని మార్పులను వివరించగా, ఆ సభలోనే ఇతర వైద్యులు తాము చూసిన అటువంటి రోగులకు ముంజేతి నాడి అందలేదని చెప్పారు. నాడి లేని వ్యాధి అని దానికి పేరు. ఈ వ్యాధి కొందరిలో ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనులను కూడా సన్నబరుస్తుంది. అప్పుడు ఆయాసం, ఛాతీనొప్పి, కొన్నిసార్లు రక్తం పడడం జరుగుతాయి.

పురుషులకు కుడిచేయి, స్త్రీలకు ఎడమచేయి చూడాలని మాకు నేర్పారు. ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతె ఆయాసమని వస్తే ఎడమచేయి పట్టుకున్నాను. నాడి దాదాపు అందలేదు. ఆమె నవ్వుతూ కూర్చుని ఉన్నది. క్షీణనాడి గల రోగి అలా నవ్వదు. కుడిచేయి పట్టుకున్నాను. నాడి నిండుగా కొట్టుకుంటున్నది. రక్తపుపోటు చూస్తే రెండు చేతులకూ నలభై తేడా. ఆ అమ్మాయి విషయంలో ఆలస్యం జరగలేదు. నాటి నుండి స్త్రీపురుష భేదం లేకుండా రెండు చేతుల నాడీ చూస్తున్నాను. గురువుగారు ఉంటే కోప్పడేవారు కారనే అనుకుంటాను.

మన శాస్త్రం ఏమంటున్నది?

పాఠకులు కొందరు, ఇది వాతరక్తమే కదా, లేక క్షతక్షీణమే కదా అని అడుగవచ్చు. లక్షణాలు కొన్ని కలుస్తాయి. కీళ్ళనొప్పులు, చర్మంపై ఎర్రని మచ్చలు వాతరక్తాన్ని, రక్తంతో కూడిన దగ్గు ఉరఃక్షతాన్ని తలపిస్తాయి. కాని ప్రాచీనులు ఈ పేరుతో ఈ వ్యాధిని చెప్పారని బల్లగుద్ది వాదించడం నాకు ఇష్టం లేదు. ప్రతి వికారానికీ నిశ్చితమైన పేరు ఉండదని, పేరు చెప్పలేనందుకు వైద్యుడు సిగ్గుపడనక్కరలేదని చరక సూత్రస్థానమే అంటున్నది. పేరు తెలియకపోవడం దోషం కాదు. తెలిసినట్లు నటించి కాలహరణం చేయడం దోషం.

ఇంకొక ప్రమాదం చెప్పాలి. బలవంతుడైన రోగికి రక్తపిత్తం ఆరంభమైనప్పుడు వెంటనే స్తంభనం చేయరాదని, దుష్టరక్తం పోనివ్వాలని శాస్త్రోక్తి. ముక్కునుండి రెండు చుక్కలు పడినప్పుడు ఇది పనికివస్తుందేమో గాని ఊపిరితిత్తులలో రక్తం నిండుతున్నవారి విషయంలో వేచి ఉండడం ప్రాణాంతకం. అట్లే అడ్డసరం మంచి ఔషధమే. దానిలోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే కఫం కరిగించే మందును తయారుచేశారు. సాధారణమైన దగ్గుకు నేను ఈనాటికీ ఇస్తున్నాను. అయితే తెల్లకణాలు రక్తనాళపు గోడను తినివేస్తుంటే ఆకురసం దానిని ఆపలేదు. ఆపిందని చెప్పే ఆధారం నాకు ఎక్కడా కనబడలేదు.

ఆపగల మందులు ఉన్నాయి. చికిత్స లేని రోజులలో వెగెనర్ వ్యాధి సోకినవారు సగటున 5 నెలలు బ్రతికేవారని, ఏడాదిలోగా 82 శాతం మరణించేవారని 1958లో ప్రకటితమైన పరిశీలన. అమెరికాలో ఫౌచీ, వుల్ఫ్ అనే వైద్యులు సైక్లోఫాస్ఫమైడును స్టెరాయిడుతో కలిపి వాడారు. 1983లో వారి బృందం ప్రకటించిన 85 మంది రోగులలో 79 మందికి వ్యాధి పూర్తిగా అణగింది. ఆ మందు మూత్రాశయానికి, సంతానయోగ్యతకు చేటు చేయగలదు. 2010లో రెండు పెద్ద పరిశోధనలు రిటుక్సిమాబ్ అనే ఇంజక్షను దానికి తీసిపోదని తేల్చాయి. 2020లో వెలువడిన మరొక పరిశోధన, స్టెరాయిడు మోతాదును పూర్వంకంటె త్వరగా తగ్గించినా నష్టం లేదని చూపింది. వ్యాధి నిర్ధారణకు ఆంకా అనే రక్తపరీక్ష ఉన్నది. అది ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు, లేనంత మాత్రాన లేనట్లు కాదు. తరచు ఒక చిన్న ముక్క తీసి పరీక్షించవలసి వస్తుంది. దీనిని సాధారణంగా రుమటాలజీ నిపుణులు చూస్తారు. హైదరాబాదు నిమ్స్‌లో ఆ విభాగం ఉన్నది.

ఇంట్లో గమనించవలసినవి

దగ్గులో రక్తం పడినవారందరూ ఈ వ్యాధి అని భయపడవద్దు. మన దేశంలో ముందుగా చూడవలసింది క్షయనే, కఫ పరీక్ష తప్పక చేయించాలి. కాని నెలల తరబడి మానని ముక్కు పొక్కులు, చెవిలో చీము లేక హోరు, కంటి ఎర్రదనం, కాళ్ళపై నొక్కితే తెల్లబడని ఎర్రమచ్చలు, తిరిగే కీళ్ళనొప్పులు, బరువు తగ్గడం, వీటిలో రెండు మూడు దగ్గుతో కలిసి వస్తే వెంటనే మూత్ర పరీక్ష, క్రియాటినిన్, హీమోగ్లోబిన్ చేయించండి. ఏ చిన్న ఊరి ల్యాబులోనైనా ఇవి తక్కువ ఖర్చుతో అయ్యేవే. రక్తం గుక్కలుగా పడినా, ఒకటి రెండు రోజులలో ఆయాసం పెరిగినా, మూత్రం తగ్గినా ఇంటి వైద్యం గాని నా వైద్యం గాని వద్దు. ఆసుపత్రికి వెళ్ళాలి.

వ్యాధి నిర్ధారణ అయి మందులు వాడుతున్నవారి ఇళ్ళలో మరొక విధమైన పొరపాట్లు జరుగుతాయి. పరామర్శకు వచ్చినవారు తలా ఒక చిట్కా చెప్పి వెళతారు. "రోగనిరోధకశక్తి పెరగాలి" అని తిప్పతీగ, అశ్వగంధ తాగిస్తారు. ఇక్కడ వ్యాధి నిరోధకశక్తి తక్కువైనందున వచ్చినది కాదు, అది దారితప్పినందున వచ్చినది. దానిని ఇంకా రెచ్చగొట్టడం అవివేకం. పైగా 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం వాచిన సందర్భాలను ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దానితో ఏకీభవించలేదు. వాదం ఎటు తేలినా ఈ రోగులకు మాత్రం నేను ఇవ్వను. అతిమధురం స్టెరాయిడు వాడేవారికి రక్తపుపోటు పెంచి, పొటాషియం తగ్గిస్తుంది. రసభస్మాలు, ముఖ్యంగా పాదరసం కలిసినవి, దెబ్బతిన్న మూత్రపిండాలకు విషతుల్యం. శ్వాసకు వాడే రసౌషధాలలో పాదరసంతో పాటు వత్సనాభి కూడా ఉంటుందని మరువరాదు.

కోనసీమవాడిని కనుక ఈ మాట చెప్పడం నాకే కష్టంగా ఉన్నది. మాకు కొబ్బరినీళ్ళు అన్ని వ్యాధులకూ పథ్యమే. కాని మూత్రపిండాలు పనిచేయనివారికి కొబ్బరినీళ్ళలోని, అరటిపండులోని పొటాషియం గుండె ఆగేటంత ప్రమాదం తేగలదు. వైద్యుడు అనుమతించేదాకా ఇవ్వకండి.

స్టెరాయిడు మాత్రలు ముఖం ఉబ్బుతున్నదని తటాలున ఆపివేయరాదు. నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానితే రక్తపుపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఈ మందులు వాడేటప్పుడు క్షయ, కామెర్లకు సంబంధించిన హెపటైటిస్ బి ముందే పరీక్షిస్తారు. జ్వరం వస్తే ధనియాల కషాయంతో రెండు రోజులు చూద్దామనుకోకుండా అదే రోజు వైద్యునికి చెప్పాలి.

ఇంటివారు చేయదగినవి లేకపోలేదు. కాచి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి రోజూ ముక్కు కడగడం, పొక్కులు గోళ్ళతో పీకకుండా ఉండడం ఎంతో సుఖమిస్తాయి. ఉప్పు తగ్గించి, ఊరగాయలు, అప్పడాలు మాని, ఇంట్లో వండిన తాజా అన్నం తినాలి. స్టెరాయిడుతో ఆకలి, చక్కెర రెండూ పెరుగుతాయి కనుక తీపి తగ్గించాలి. వైద్యుని సలహాతో సున్నపు ధాతువు మాత్రలు వాడాలి. పొగత్రాగేవారు ఇంట ఉంటే వీధిలోకి పంపండి. రాళ్ళు కోసే ధూళిలోని సిలికాకు ఈ వ్యాధితో సంబంధం ఉన్నట్లు పరిశోధనలు చెబుతున్నందున ఆ పనిలో ఉన్నవారు దుమ్ముకు దూరం కావడం మంచిది.

ఆ ఉపాధ్యాయురాలికి ఐదుసార్లు డయాలిసిస్ చేశారు. రెండు నెలలకు ఇంటికి వచ్చారు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. మూత్రపిండాలు కొంతమేరకే కోలుకున్నాయి, క్రియాటినిన్ 1.9 వద్ద నిలిచింది. ముక్కుదూలం కుంగి జీను ఆకారానికి వచ్చింది. నేను వారి ఇంటికి వెళ్ళి, "ఆరు వారాలు నా వలన పోయాయమ్మా" అన్నాను. ఆమె "మీరే కదండీ పంపించారు" అన్నారు. ఆ మాట ఆమె మర్యాద. ఆ ఆరు వారాలు మిగిలి ఉంటే క్రియాటినిన్ ఏ అంకె వద్ద నిలిచేదో ఎవరూ చెప్పలేరు.

ఈ వ్యాధి అణగినా తిరగబెడుతుంది. వెగెనర్ రకంలో కొన్నేళ్ళలో సగం మందికి దాకా మళ్ళీ వస్తుంది. ఆమెకు 2015లో ముక్కు పొక్కులతోనే మళ్ళీ మొదలైంది. ఈసారి ఆమే ముందు మూత్ర పరీక్ష చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని హైదరాబాదు వెళ్ళారు. మూత్రపిండాలకు కొత్తగా ఏ నష్టమూ జరగలేదు. ఇప్పటికీ మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళేముందు నా వద్దకు వచ్చి కూర్చుంటారు. నేను రెండు చేతుల నాడీ చూస్తాను, పాదాల వాపు చూస్తాను, ల్యాబు కాగితం చదువుతాను. పోయినసారి వచ్చినప్పుడు పొరుగింటివారు పెరట్లో పెంచిన తిప్పతీగ ఇచ్చారని, కషాయం పెట్టుకోవచ్చునా అని అడిగారు. వద్దన్నాను.